టిప్పు రూపాయి మీది ‘ఆయన’ ఎవరు?

రాజు మారాడని పాతకాలంలో ఊళ్లో జనానికి ఎలా తెలిసేది? దండోరా వేస్తే తెలిసేది. లేదంటే చేతికొచ్చిన రూపాయిని బట్టి తెలిసేది. ముస్లిం రాజులు ఏలిన చోట దీనికి రెండు గుర్తులు చెప్పుకునేవారు. శుక్రవారం నమాజుకు ముందు మసీదులో చదివే ఖుత్బాలో ఎవరి పేరు వినిపిస్తుంది? సిక్కా మీద, అంటే నాణెం మీద, ఎవరి పేరు కనిపిస్తుంది? ఈ రెండూ ఎవరివైతే రాజ్యం వాళ్లది. మొగలుల పాఠం చెప్పేటప్పుడు మా సోషల్ టీచరు ఈ మాట చెప్పారు. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా కూడా వచ్చింది.

ఆ ప్రశ్నకు జవాబు రాసినప్పటి నుంచి నాకొక సందేహం. రాజు పేరే లేని రూపాయి ఉంటే ఆ రాజ్యం ఎవరిది?

అలాంటి రూపాయి నిజంగా ఉంది. మన బెంగళూరును ఏలిన టిప్పు సుల్తాన్‌దే. 1782 నుంచి 1799 దాకా ఆయన పాలించాడు. ఆయన టంకశాలల్లో బంగారం, వెండి, రాగి నాణేలు రకరకాలుగా కొట్టారు. వాటి మీద ఊరి పేరుంది, సంవత్సరం ఉంది, కొన్నిటి మీద ఏనుగు బొమ్మ ఉంది. కానీ టిప్పు అనే పేరు లేదు. ఢిల్లీ చక్రవర్తి పేరూ లేదు. మరి ఆ ఖాళీలో ఎవరి పేరుంది అన్నదే ఈ వ్యాసం.

ముందు రూపాయి ఎలా ఉంటుందో చెప్తా. మా నాయనకు చిక్కపేటలో తెలిసినాయన ఒకరున్నారు, పాత నాణేలు పోగుచేస్తారు. ఆయన దగ్గర టిప్పు వెండి రూపాయి ఉంది. చేతిలో పెట్టుకుంటే ఇప్పటి పది రూపాయల బిళ్ల కంటే బరువుగా అనిపిస్తుంది, దాదాపు పదకొండు గ్రాములకు పైనే. అంచులు అరిగిపోయాయి. అక్షరాలు పార్సీ రాత. శ్రీరంగపట్నాన్ని ఆ నాణేల మీద ‘పటన్’ అని రాసేవారు. సంవత్సరం అంకెలు మాత్రం తమాషాగా ఉంటాయి. 1216 అని రాయాల్సిన చోట 6121 అని ఉంది! ఎందుకంటే టిప్పు 1787 ప్రాంతంలో హిజ్రీ లెక్క పక్కన పెట్టి మౌలూదీ అనే కొత్త లెక్క తెచ్చాడు. అది ప్రవక్త పుట్టుక నుంచి లెక్కించేదని చెబుతారు. అంకెలను కూడా అక్షరాల్లాగే కుడి నుంచి ఎడమకు రాయించాడు. ఆ లెక్కలో 1216 అంటే మనకు 1788-89.

రూపాయికి ఒకవైపు ఉన్న మాటల అర్థం ఇది: హైదర్ విజయం వల్ల అహ్మద్ మతం లోకంలో వెలుగుతోంది అని. అహ్మద్ అంటే ప్రవక్త ముహమ్మద్. రెండోవైపు మాటలు అరబ్బీవి. మా మసీదు హజరత్ గారికి ఫోటో చూపిస్తే కళ్లజోడు సర్దుకుని ఇలా చదివారు: ‘హువస్సుల్తానుల్ వాహిదుల్ ఆదిల్’. ‘ఆయన సుల్తాను, ఒక్కడు, న్యాయవంతుడు’.

ఎవరాయన?

అల్లాహ్ అనుకుంటే అంతా సరిపోతుంది. టిప్పు అనుకున్నా సరిపోతుంది! ఎందుకంటే టిప్పు పేరులోనే సుల్తాన్ ఉంది. ఆర్కాటులో టిప్పు మస్తాన్ ఔలియా అనే ఫకీరు దర్గా ఉంది, ఆయన పేరునే బిడ్డకు పెట్టారు. కాబట్టి అది పట్టాభిషేకం రోజు తగిలించుకున్న బిరుదు కాదు. ఇదే ఇక్కడి చిక్కు. నేను ఒక్కొక్క మాటా తీసుకుని చూశాను.

మొదటి మాట ‘హువ’. అరబ్బీలో ‘హువ’ అంటే మగవాడిని చెప్పే సర్వనామం. అంతకు మించి ఏమీ తెలియదు. తెలుగులో అలా కుదరదు. వాడు అనాలా, అతను అనాలా, ఆయన అనాలా అని ముందే తేల్చుకోవాలి. తెలుగు ఖురాను పుస్తకాల్లో అల్లాహ్‌ను ‘ఆయన’ అనే రాస్తారు. పక్కింటి పెద్దమనిషినీ ఆయన అనే అంటాం. కనుక టిప్పు రూపాయిని తెలుగు చేస్తే మనకు కూడా సందేహం అలాగే మిగులుతుంది. ఒక విషయం మాత్రం ఉంది. ఖురానులో దేవుడి పేర్లు వరుసగా వచ్చే చోటు ఒకటుంది, 59వ సూరా చివర. అక్కడి వాక్యాలు మొదలయ్యేది ‘హువ’ తోనే. 112వ సూరాలో కూడా ‘చెప్పు’ అన్న మాట తర్వాత వెంటనే వచ్చేది ‘హువ’నే. నమాజు చేసే ప్రతివాడికీ ఆ చిన్న సూరా నోటికి వస్తుంది. అంటే ఖురాను తెలిసిన మనిషి ‘హువ’ అని ఒక మాట మొదలవగానే దేవుడి గురించే అనుకుంటాడు. సూఫీలైతే ‘హూ’ అనే ఆ ఒక్క శబ్దాన్నే దేవుడి పేరుగా జపిస్తారు.

రెండో మాట ‘సుల్తాన్’. ఇది అల్లాహ్ పేర్లలో ఒకటేనా అని హజరత్‌ను అడిగా. అస్మా ఉల్ హుస్నా అంటే అందమైన పేర్లు, 99 అని మనకు తెలుసు. తిర్మిజీ హదీసు గ్రంథంలో వాటి జాబితా ఉంది, క్యాలెండర్ల మీద అచ్చువేసేది ఎక్కువగా అదే. అందులో సుల్తాన్ లేదు. ఖురానులో ‘సుల్తాన్’ అనే మాట ఉంది గానీ అక్కడ దానికి అధికారం, ఆధారం అన్న అర్థాలు. రాజు అనే అర్థం వచ్చే దేవుడి పేరు ‘మలిక్’. అది జాబితాలో మొదట్లోనే వస్తుంది. ‘మాలికుల్ ముల్క్’ అని ఇంకొకటి ఉంది, రాజ్యానికే యజమాని అని. టిప్పుకు దేవుడి పేరే కావాలంటే ‘మలిక్’ అని కొట్టించవచ్చు. కొట్టించలేదు. సుల్తాన్ అనే తన ఇంటి మాటనే ఎంచుకున్నాడు. ఇక్కడ టిప్పు పక్షం వాళ్లకు ఒక మార్కు తగ్గుతుంది.

మూడో మాట ‘వాహిద్’. ఈ మాట దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతా, ఎందుకంటే నా పేరులో కూడా అదే ఉంది.

వాహిద్ అంటే ఒకటి. అరబ్బీ అంకెలు నేర్చుకునే పిల్లలు మొదట చెప్పేది అదే. అయితే దేవుడిని వాహిద్ అన్నప్పుడు ఒకటి, రెండు, మూడు అనే వరుసలో మొదటిది అని కాదు. ఆ వరుసే లేదు అని. అల్ గజాలీ అనే పెద్ద పండితుడు, 1111లో చనిపోయారు, దేవుడి పేర్ల అర్థాల మీద ఒక పుస్తకమే రాశారు. ముక్కలు చేయడానికి వీల్లేనిది, రెండోది ఉండడానికి వీల్లేనిది వాహిద్ అన్నది ఆయన వివరణ సారం. దీనికి తెలుగులో చక్కని మాట ఉంది, అద్వితీయుడు. ద్వితీయం లేనివాడు. మా తెలుగు మాస్టారు ఆ మాట విడదీసి చెప్పినప్పుడు, అరబ్బీ కోసమే కొలిచి కుట్టినట్టుందే అనిపించింది. (ఖురానును మొదట తెలుగు చేసింది చిలుకూరి నారాయణరావు గారు. ఆయన అనంతపురం దత్తమండల కళాశాలలో పనిచేసిన పండితుడు. అరబ్బీ దేవుడి పేర్లకు తెలుగు మాటలు వెతికిన తొలి మనిషి మా అనంతపురంలో ఉండేవారంటే మాకు కొంచెం గర్వమే.)

ఖురానులో ‘వాహిద్’ ఎక్కడెక్కడ వస్తుందో చూస్తే నాకు ఆశ్చర్యమేసింది. చెరసాలలో ఉన్న యూసుఫ్ ప్రవక్త తోటి ఖైదీలను అడుగుతారు, అనేకమంది ప్రభువులు మేలా, ఒక్క దేవుడు మేలా అని. అక్కడ వచ్చే పేరు వాహిద్. రాజు బంధించిన జైలులో అడిగిన మాట అది! ఇంకోచోట, 40వ సూరాలో, ప్రళయం రోజున ‘ఈరోజు రాజ్యం ఎవరిది’ అనే ప్రశ్న వస్తుంది. జవాబులో దేవుడికి చెప్పిన పేరు మళ్లీ వాహిదే. అంటే ఈ పేరు ఊరికే లెక్కకు సంబంధించింది కాదు. రాజ్యం ఎవరిది అనే ప్రశ్నకు జవాబుగా వచ్చే పేరు. మా సోషల్ టీచరు అడిగిన రెండు మార్కుల ప్రశ్న కూడా అదే కదా.

ఇక మనుషులకు ఈ పేరు ఎలా పెడతారు? వాహిద్ అని ఊరికే పెట్టరు, అబ్దుల్ వాహిద్ అంటారు. అబ్ద్ అంటే దాసుడు. ఒక్కడైనవాడి దాసుడు అని అర్థం. కానీ మన వాళ్లు పేర్లను కత్తిరించడంలో గట్టివాళ్లు. సగంమంది ‘అబ్దుల్’ అని పిలుస్తారు, అంటే ‘యొక్క దాసుడు’ అని, ఎవరి దాసుడో చెప్పకుండా. మిగతా సగం ‘వాహిద్’ అని పిలుస్తారు, అంటే దాసుడిని తీసేసి దేవుడి పేరుతో పిలిచినట్టు. మా జేజి దీనికి ఒప్పుకోదు. ‘పిలిస్తే పూర్తిగా పిలవండి, ల్యాకుంటే వొరేయ్ అనండి’ అంటుంది. మేము దూదేకుల వాళ్లం, గుత్తి దగ్గర పల్లె నుంచి వచ్చాం, ఇంట్లో తెలుగే మాట్లాడతాం. మా ఊళ్లో ఖాదరప్ప, కరీమప్ప అనే పేర్లు ఇంటికొకటి ఉంటాయి. ఖాదిర్ అంటే సర్వశక్తి గలవాడు, కరీమ్ అంటే గొప్ప దాత. రెండూ దేవుడి పేర్లే, తోకకు అప్ప తగిలించాం. అలా అని ఖాదరప్పలు ఎవరూ సర్వశక్తి చూపించలేదు, మేకలు కాసుకున్నారు.

పెద్దలు దీనికి పెట్టిన పద్ధతి ఏంటంటే, కొన్ని పేర్లు దేవుడికి మాత్రమే, కొన్ని మనిషికీ వాడవచ్చు. అల్లాహ్, రహ్మాన్ అనేవి మనిషికి వాడకూడదు. రహీమ్ వాడవచ్చు, ఖురానే ప్రవక్తను ఆ మాటతో మెచ్చుకుంటుంది. ఈ పద్ధతి పెట్టుకుని రూపాయి చూస్తే, సుల్తాన్ మనిషికి చెల్లుతుంది. నాలుగో మాట ‘ఆదిల్’ కూడా చెల్లుతుంది. బిజాపూరు ఆదిల్ షాహీలు ఆ పేరుతోనే రాజ్యం చేశారు. వాళ్ల సేనాని రణదుల్లా ఖాన్ 1638లో మన బెంగళూరును కెంపేగౌడ వంశం నుంచి గెలుచుకున్నాడు. అంటే టిప్పుకు 150 ఏళ్ల ముందే ‘ఆదిల్’లు ఈ ఊరిని ఏలారు. ఇంకో సంగతి, 99 పేర్ల జాబితాలో ఉన్నది ‘ఆదిల్’ కాదు, ‘అద్ల్’. అద్ల్ అంటే న్యాయమే. ఆదిల్ అంటే న్యాయం చేసేవాడు. న్యాయమే తానైనవాడు వేరు, న్యాయం చేసేవాడు వేరు.

కాబట్టి అటు సుల్తాను, ఇటు ఆదిల్, రెండూ మనిషికి సరిపోయే మాటలు. నడుమ వాహిద్ కూర్చుంది. పైగా దానికి ముందు ‘అల్’ ఉంది. అది లేకపోతే ‘సాటిలేని సుల్తాను’ అని పొగడ్తగా తీసుకోవచ్చు అనుకున్నా. హజరత్ మాత్రం ‘అల్ ఉన్నా కూడా కవులు రాజును అలా పొగడగలరు బాబూ, వాళ్లకు అడ్డేముంది’ అన్నారు. నాకైతే ఆ నడిమి మాట దేవుడి వైపే లాగుతోంది.

ఇలాంటి రెండర్థాల తగాదా టిప్పుతో మొదలు కాలేదు. అక్బరు నాణేల మీద ‘అల్లాహు అక్బర్’ అని ఉంటుంది. దేవుడు గొప్పవాడు అని ఒక అర్థం. అక్బరే దేవుడు అని లాగితే ఇంకో అర్థం! ఈ సంగతి ఆ రోజుల్లోనే పైకి వచ్చిందని బదాయూనీ అనే చరిత్రకారుడు రాశాడు. రాజముద్ర మీద, నాణేల మీద ఈ మాట వేయిస్తే ఎలా ఉంటుందని అక్బరు సభలో అడిగాడట. అందరూ బాగుందన్నారు. హాజీ ఇబ్రాహీం అనే ఒకాయన మాత్రం, ఇందులో రెండర్థాలున్నాయి, దేవుడి స్మరణ గొప్పది అని అర్థమిచ్చే ఖురాను మాట వేయించండి, అన్నాడు. అక్బరుకు అది నచ్చలేదు. ఇంత బలహీనుడైన మనిషి దేవుడినని ఎలా చెప్పుకుంటాడు, నేను మాటల పొందిక చూశానంతే అన్నాడు. బదాయూనీకి అక్బరంటే గిట్టదు, అది గుర్తుపెట్టుకునే చదవాలి. అయినా సభలో లేచి నిలబడి అలా చెప్పిన హాజీ ఇబ్రాహీంకు ధైర్యం ఎక్కువే.

ఔరంగజేబు ఇంకో దారి పట్టాడు. నాణెం ఎవరి చేతుల్లోకైనా పోతుంది, కాళ్ల కింద పడుతుంది, అందుకని కలిమా వేయడమే మాన్పించాడు. అందరికంటే ముందు, హిజ్రీ 77లో, అంటే 696-97లో, డమాస్కస్ ఖలీఫా అబ్దుల్ మలిక్ బొమ్మలున్న నాణేలు తీసేసి ఉట్టి అక్షరాలతో బంగారు దీనార్లు కొట్టించాడు. వాటి మీద కలిమా, దేవుడు ఒక్కడే అనే మాటలు ఉన్నాయి. ఖలీఫా పేరు లేదు! ఆయన పేరుకు అర్థం కూడా ‘మలిక్ దాసుడు’, అంటే ఆ నిజమైన రాజుకు దాసుడు అని. టిప్పు రూపాయికి ఇది పెద్దన్న అనిపిస్తుంది నాకు.

తెలుగువాళ్లకు ఇది కొత్త సంగతేమీ కాదు. విజయనగరం చివరి రోజుల్లో పెనుకొండ, చంద్రగిరి నుంచి ఏలిన వేంకటపతిరాయలు తన వరహా మీద వేంకటేశ్వరస్వామి బొమ్మ వేయించి, వెనకవైపు ఆ స్వామికి నమస్కారం అని నాగరి అక్షరాల్లో రాయించాడు. రాజు పేరూ వేంకటపతే, దేవుడి పేరూ అదే. ఎవరికి నమస్కారం పెట్టినట్టు? టిప్పు తండ్రి హైదర్ అలీ 1763లో బిదనూరు గెలిచాక అక్కడి పాత వరహాల పద్ధతే కొనసాగించాడు. ఒకవైపు శివపార్వతులు, రెండోవైపు తన పేరులోని మొదటి అక్షరం ‘హే’. దేవుళ్లు ఒకవైపు, ఒక్క అక్షరం ఒకవైపు! జనం ఆ వరహాను నమ్ముతారు కాబట్టి దాన్ని మార్చలేదు. షరాబులు రాళ్ల మీద గీసి చూసేది బంగారాన్ని, రాతను కాదు. టిప్పు శివపార్వతులను తీసేసి అరబ్బీ మాటలు వేయించాడు, తండ్రి ‘హే’ని మాత్రం వదల్లేదు. తన వరహాల మీద, ఫణాల మీద అది అలాగే ఉంచాడు. తన పేరు వేసుకోని కొడుకు నాయన అక్షరాన్ని ఉంచుకోవడం నాకు నచ్చింది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తా. తన పేరు ఎందుకు వేయించలేదు?

అప్పట్లో హిందూస్తాన్‌లో ఎక్కువమంది ఢిల్లీ చక్రవర్తి షా ఆలం పేరుతోనే రూపాయిలు కొట్టేవారు. కలకత్తా ఇంగ్లీషు కంపెనీ కూడా ఆయన పేరుతోనే కొట్టింది! కంపెనీ తన రాజు నాలుగో విలియం బొమ్మతో రూపాయి కొట్టింది 1835లో. హైదరాబాదు నిజాములైతే 1857 దాకా మొగలు పేరు వదల్లేదు. షా ఆలం అంటే లోకానికి రాజు అని అర్థం. ఆ లోకపు రాజు సింధియా చేతుల్లో కీలుబొమ్మ. 1788లో గులాం ఖాదిర్ అనేవాడు ఆయన కళ్లు పీకించాడు. చిక్కపేటలో నేను చూసిన రూపాయి సరిగ్గా ఆ ఏటి ప్రాంతందే. బందీగా ఉన్నవాడి పేరు ఖుత్బాలో చదవడం ఏం తెలివి అని టిప్పు తన ఉత్తరంలో రాశాడు. అందుకే షా ఆలం పేరు తీసేశాడు. ఖుత్బాలో తన పేరు చదివించాడు. రూపాయి మీద మాత్రం ఆ చోట్లో తన పేరు వేసుకోలేదు, ‘ఆయన’ అన్నాడు.

దీన్ని భక్తి అనవచ్చు. ఎత్తుగడ అని కూడా అనవచ్చు. ఢిల్లీ పేరు ఎందుకు తీశావని ఎవరైనా అడిగితే, నీ చక్రవర్తి కంటే పెద్దవాడి పేరు వేశాను అని చెప్పొచ్చు కదా. దానికి ఎదురు మాట్లాడే ముస్లిం ఉండడు. బుఖారీ హదీసుల్లో, మనిషి తనను రాజులకు రాజు అని పిలిపించుకోవడం దేవుడికి అన్నిటికంటే అసహ్యమైన పేరు అని ఉంది. దానికి ఉదాహరణగా పాత పండితుడు ఒకాయన చెప్పింది ‘షాహన్‌షా’ అనే మాటనే. మొగలులు సంతోషంగా పెట్టుకున్న బిరుదు అది. ఆ లెక్కన చూస్తే టిప్పు రూపాయి ఢిల్లీని ఎత్తిపొడిచే రూపాయి. తన ప్రభుత్వాన్ని కూడా ఆయన ‘సర్కారే ఖుదాదాద్’ అన్నాడు, దేవుడిచ్చిన సర్కారు అని. ఢిల్లీ ఇచ్చింది కాదు అని అందులోనే ఉంది.

మొదటివైపు మాటలు గుర్తున్నాయా? హైదర్ విజయం అని. హైదర్ అంటే సింహం, హజరత్ అలీకి బిరుదు. టిప్పు నాయన పేరు కూడా అదే. అంటే రూపాయికి రెండువైపులా రెండర్థాల మాటలే. ఒకచోటైతే యాదృచ్ఛికం అనుకోవచ్చు. రెండుచోట్లా అదే జరిగితే కావాలని చేసిందే అని నా అభిప్రాయం. తర్వాతి ఏళ్లలో నాణేలకు పెట్టిన పేర్లు చూసినా తెలుస్తుంది, మాటల మీద ఆయనకు ఎంత పట్టింపో. బంగారు నాణెం అహ్మదీ, దానిలో సగం సిద్దీఖీ, వరహా ఫారూఖీ, రెండు రూపాయల వెండి బిళ్ల హైదరీ, రూపాయి ఇమామీ, అర్ధ రూపాయి ఆబిదీ, పావలా బాఖిరీ. ప్రవక్త నుంచి ఇమాముల దాకా ఒక్కొక్కరూ ఒక్కో నాణెం అయ్యారు. రాగి డబ్బుల్లో చాలావాటికి మాత్రం నక్షత్రాల, గ్రహాల పేర్లు పెట్టాడు. శుక్రుడి పేరు జోహ్రా ఒక పైసా అయింది.

ఇక్కడిదాకా రాసి మా అపార్ట్‌మెంటులో ఉండే నా స్నేహితుడికి చదివి వినిపించా. వాళ్లది కొడగు. అంతా విని ఒకటే అడిగాడు, ‘న్యాయవంతుడు అని రాసిన ఆ రూపాయితోనే గదా సిపాయిలకు జీతాలిచ్చింది?’ అవును, దాంతోనే. ఆ సిపాయిలే కొడగు నుంచి జనాన్ని పట్టుకుపోయారు. 1784లో మంగళూరు వైపు క్రైస్తవులను వేలమందిని శ్రీరంగపట్నానికి తోలుకుపోయారు. ఇవి ఎవరో కల్పించినవి కావు. టిప్పు పేరెత్తితే మా ఊళ్లో ఇప్పటికీ రెండు గుంపులవుతాయి. ప్రభుత్వం 2015లో టిప్పు జయంతి మొదలుపెట్టింది, 2019లో ఇంకో ప్రభుత్వం ఆపేసింది. ఈ వ్యాసంలో నేను ఏ గుంపులోనూ చేరడం లేదు. కానీ నా స్నేహితుడి ప్రశ్న వల్ల నాకు ‘ఆదిల్’ మాట ఇంకోలా కనిపించింది.

‘ఆయన’ అంటే టిప్పు అనుకుందాం. అప్పుడు అది రాజు తన గురించి తాను ఇచ్చుకున్న సర్టిఫికెట్టు. కొడగు మనిషి దాన్ని చూసి నవ్వుకుంటాడు, లేదా ఏడుస్తాడు. ‘ఆయన’ అంటే అల్లాహ్ అనుకుందాం. అప్పుడు ఆ మాట టిప్పుకే ఎదురు తిరుగుతుంది. సుల్తాను నేను కాదు ఆయన, న్యాయం ఆయనది అని తన టంకశాలలో తానే కొట్టించి, ఊరూరా పంచిపెట్టిన రాజును ఆ మాటతోనే నిలదీయవచ్చు. గజాలీ తన పుస్తకంలో ఒక్కో పేరు దగ్గర, ఇందులో మనిషి నేర్చుకోవాల్సిన వాటా ఎంత అని కూడా చెబుతారు. న్యాయం అనే పేరు దగ్గర మనిషి చేయాల్సిన మొదటి పని, తన కోపాన్నీ కోరికనూ బుద్ధి చెప్పుచేతల్లో పెట్టుకోవడం అంటారు. యుద్ధంలో ఉన్న రాజుకు అది ఎంత కష్టమో నేను చెప్పలేను. కష్టమని కొడగు వాళ్లు ఊరుకోవాలా? అది కూడా చెప్పలేను. నేను మాత్రం రెండో అర్థమే సరైనదని రాస్తున్నా. నడిమి మాట వాహిద్ కాబట్టి. ‘హువ’ కాబట్టి. తన పేరు వేసుకునే వీలుండీ వేసుకోలేదు కాబట్టి.

మా గుత్తి సంగతి కూడా చెప్పాలి. గుత్తి కోటలో కూడా టిప్పు టంకశాల ఉండేది. నాణేల మీద గుత్తి పేరు ‘ఫైజ్ హిసార్’. గుర్రంకొండకు ‘జఫరాబాద్’. ఊర్లకు కొత్త పేర్లు పెట్టడం టిప్పుకు బాగా ఇష్టం, కానీ జనం మాత్రం గుత్తిని గుత్తి అనే అన్నారు. టిప్పు పోయాక ఆ సీమ నిజాంకు, 1800లో నిజాం నుంచి కంపెనీకి వెళ్లి దత్తమండలాలు అయింది. గుత్తిలో దుడ్డు పట్టుకున్న రైతుకు పార్సీ రాదు, అరబ్బీ రాదు. బహుశా మా ముత్తాతల ముత్తాతకు కూడా వచ్చుండదు. ఏనుగు బొమ్మ చూసి రాగి డబ్బును, మోత విని వెండిని గుర్తుపట్టి ఉంటారు. ఏనుగుకు మాత్రం చావు లేదు. 1799 తర్వాత మైసూరు గద్దె మీద కూర్చున్న ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు వరహా మీదికి శివపార్వతులు తిరిగి వచ్చారు, రాగి డబ్బు మీద ఏనుగు అలాగే నిలబడింది.

1799 మే 4న శ్రీరంగపట్నం పడిపోయింది. ఖజానా మొత్తాన్ని గెలిచిన సైన్యం హోదాల వారీగా పంచుకుంది. తర్వాత కంపెనీ తన సైనికుల కోసం ఇంగ్లండులో ఒక పతకం చేయించింది. దాని మీద బ్రిటిషు సింహం టిప్పు పులిని కింద పడేసి తొక్కుతూ ఉంటుంది. పైన ఒక జెండా, జెండా మీద అరబ్బీ అక్షరాలు: ‘అసదుల్లాహిల్ గాలిబ్’. దేవుడి సింహమే విజేత అని అర్థం. దేవుడి సింహం అంటే హజరత్ అలీ, అంటే హైదర్. టిప్పు తన జెండాల మీద, ఆయుధాల మీద పులి ముఖం ఆకారంలో రాయించుకున్న మాటలు అవి. కంపెనీ వాటిని ఒక్క అక్షరం మార్చకుండా తీసుకుని, కింద తన సింహాన్ని పెట్టుకుంది.